ఏసీ పంపు ఉండంగ ఎలక్ట్రిక్ పంపు: పద్మిని కారున్న మా అల్లునికి

అల్లుడా,

నువ్వు పంపిన ఫోటోలన్నీ పెద్దగ చేసుకొని చూసిన. బండిని మంచిగ తీర్చినవ్. బానెట్ కింద రంగు మీద పెట్టిన శ్రద్ధల సగం పెట్రోలు పైపుల మీద పెట్టి ఉంటే ఇంకా సంతోషపడుదు, ఆ సంగతి ముంగట చెప్త. నువ్వు అడిగింది ఒక్కటే: ఇంజన్‌కున్న ఏసీ పంపు (చల్లగాలి ఏసీ కాదు, ఇంజన్ తిరుగుడుతోటే నడిచే పెట్రోలు పంపు) అట్లనే ఉంచి, వెనక ట్యాంకు కాడ ఒక ఎలక్ట్రిక్ పంపు తోడు పెట్టుకోవచ్చా అని. పెట్టుకోవచ్చు. మన ఎండలకు, నెలల తరబడి కదలకుండ నిలబడే బండికి అది పనికొచ్చే ముచ్చటనే. కాని రెండు పంపులు ఒకే పైపు మీద ఉన్నప్పుడు పెట్రోలుకూ ఇంజన్ ఆయిలుకూ నడుమ డయాఫ్రం అనే ఒక పలుచటి రబ్బరు పొర తప్ప ఇంకో అడ్డం ఉండదు. అది తెల్వకుండ వైరు గుంజి స్విచ్చు పెట్టేటోళ్ళే ఎక్కువ. అందుకే ఫోన్‌ల రెండు ముక్కలు చెప్పి ఊకోకుండ కూసొని రాస్తున్న.

మొదలు ఒకటి తేల్చుకో. కల్వకుర్తి దాటినంక బండి ఆగిపోయిందన్నవ్, నీడకు పెట్టి కాసేపైనంక మల్ల స్టార్టయిందన్నవ్. ఆ మాట వినంగనే ఎవడైనా వేపర్ లాక్ అంటడు, అంటే వేడికి పెట్రోలు పైపులనే ఆవిరై దారికి అడ్డం పడుడు. కావొచ్చు. కాని ప్లగ్గులకు కరెంటిచ్చే కాయిల్ వేడెక్కినా, డిస్ట్రిబ్యూటర్‌ల కండెన్సర్ పాడైనా అచ్చం ఇట్లనే అయితది. వేడికి చస్తది, చల్లారినంక లేస్తది. ఈసారి ఆగినప్పుడు ఎయిర్ క్లీనర్ మూత తీసి కార్బొరేటర్ గొంతులకు చూసుకుంట యాక్సిలరేటర్ లివర్‌ను చేత్తో గుంజు. సన్నటి పెట్రోలు ధార చిమ్మిందంటే ఫ్లోటు గిన్నెల (కార్బొరేటర్‌ల పెట్రోలు నిలువుండే గిన్నె) పెట్రోలు ఉన్నట్టే, నీ లొల్లి కరెంటుది. అప్పుడు పంపులు రెండు కాదు, నాలుగు పెట్టినా బండి కదలదు. ధార రాకపోతే పెట్రోలు అందుతలేదు. ఇంకో గుర్తు కూడా ఉన్నది. పెట్రోలు అందని బండి ముందుగాల దగ్గుతది, గుంజుడు తగ్గుతది, ఆ తర్వాత ఆగుతది. కరెంటు పోయిన బండి చాన సార్లు టక్కున ఆగుతది.

పెట్రోలు లొల్లే అని తేలినా పంపు మీద పడకు. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మూసుకపోతే లోపల వాక్యూమ్ తయారై ఏ పంపూ గుంజలేదు. ఆగినప్పుడు మూత తిప్పితే "ఉస్సు" మని గాలి లోపలికి పోయిందంటే దొంగ దొరికినట్టే. ఇగ నీ ఫోటోల కనబడ్డ పైపులు. ట్యాంకు నుంచి వచ్చే ఇనుప పైపుకూ ఏసీ పంపుకూ నడుమ ఉన్న రబ్బరు ముక్కకు పగుళ్ళున్నయి. అది గుంజే దిక్కున్న పైపు. దానికి పగులు పడితే పెట్రోలు కారదు, గాలిని లోపలికి పీలుస్తది. కింద తడి కనబడదు కాబట్టి ఎవరూ అనుమానపడరు. పంపు పాపం గాలి కొట్టుకుంట కూసుంటది. దాన్ని ఇయ్యాలనే మార్చు. ఇంత చిన్న పనితోనే సగం బండ్లు బాగైతయి, ఎలక్ట్రిక్ పంపు ఖర్చు తప్పుతది.

ఇవన్నీ చూసినంక కూడా ఎండల ఆగుతుందంటే, అప్పుడు నీ ఆలోచన సరైనదే. ఎందుకో చెప్త. ఏసీ పంపు ఇంజన్ పక్కకు బిగించి ఉంటది. క్యామ్ షాఫ్ట్ మీది ఎక్సెంట్రిక్ (నడిమధ్యకు లేని గుండ్రటి ముక్క) దాని లివర్‌ను నెట్టినప్పుడల్లా డయాఫ్రం కిందికి దిగి వెనక నుంచి పెట్రోలు గుంజుతది. కింద ఉన్న స్ప్రింగు డయాఫ్రంను మీదికి నెట్టి కార్బొరేటర్‌కు పంపుతది. లోపలికి వచ్చేకాడ ఒక వాల్వు, పోయేకాడ ఒక వాల్వు. అంతే యంత్రం. గుంజేది క్యామ్, నెట్టేది స్ప్రింగు, ఈ మాట మతిల ఉంచుకో, ముంగట పని పడుతది. మన బోర్ల సంగతి నీకు తెలిసిందే. ఒడ్డు మీది మోటరు పాతిక అడుగుల లోతు దాటితే నీళ్ళు గుంజలేదు, అదే సబ్‌మెర్సిబుల్ కిందనే ఉండి ఎంత ఎత్తుకైనా నెడుతది. పెట్రోలు కాడ కూడా గుంజుడు బలహీనం, నెట్టుడు బలం. పైగా గుంజే పైపుల ఒత్తిడి తగ్గుతది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు ఇంకా తక్కువ వేడికే ఆవిరైతది. ఆవిరి నిండిన పంపు ఎంత కొట్టుకున్నా పెట్రోలు కదలదు.

పెట్రోలు ఒక్క డిగ్రీ కాడ మరిగేది కాదు. దాంట్ల తేలిక భాగాలు 35, 40 డిగ్రీల కాడనే లేస్తయి, బరువు భాగాలు 200 దాకా ఉంటయి. మే నెల మధ్యాహ్నం మన నల్లగొండల నీడల్నే 44, 45 ఉంటే బానెట్ కింద ఎంత ఉంటదో లెక్క వేసుకో. నడుస్తున్నంత సేపు ఫ్యాను గాలి, కొత్తగ వచ్చే పెట్రోలు కొంత చల్లబరుస్తయి. బండి ఆపి చాయ తాగి వచ్చేసరికి ఇంజన్ వేడంతా పంపుకూ కార్బొరేటర్‌కూ ఎక్కుతది. అందుకే నడిచేటప్పుడు ఆగని బండి హోటల్ ముంగట స్టార్ట్ కాదు.

దానికి తోడు ఇప్పటి పెట్రోలు మన బండ్లు పుట్టినప్పటిది కాదు. 2022 జూన్ నాటికి దేశంల సగటున 10 శాతం ఇథనాల్ కలుపుడు అయింది, 2025కు అది 20కి చేరింది. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తది, మెత్తబరుస్తది, తర్వాత పగులగొడుతది. తేమను పీల్చుకుంటది, ట్యాంకుల తుప్పు లేపుతది. పద్మిని పంపు డయాఫ్రం, ఆ పాత పైపులు దీని కోసం చేసినవి కావు. కొత్త పైపు కొనేటప్పుడు దాని మీద ఎస్‌ఏఈ జే30 ఆర్9 అని (పెట్రోలు పైపుల ప్రమాణం పేరు) అచ్చు ఉన్నదా చూడు, డయాఫ్రం కిట్టు అడిగేటప్పుడు ఇథనాల్‌కు ఆగేది, వైటాన్ రబ్బరుది అని అడుగు. సికింద్రాబాద్ రాణిగంజ్‌ల తిరిగితే దొరుకుతది. డబ్బాల ఏండ్లకేండ్లు పడి ఉన్న కిట్టు తక్కువకు ఇస్తమంటే తీసుకోకు, పెట్టకముందే ఎండి ఉంటది.

ఇగ ఎలక్ట్రిక్ పంపు నీకు రెండు పనులకు అక్కరకొస్తది. ఒకటి, నెల రోజులు నిలబెట్టినంక. అప్పటికి ఫ్లోటు గిన్నెల పెట్రోలు ఎగిరిపోయి ఉంటది. ఏసీ పంపుతోటి నింపాలంటే సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ పడుకుంటది. ఎలక్ట్రిక్ పంపు కాసేపు నడిపితే గిన్నె నిండుతది, ఒక్క సెల్ఫ్‌కు లేస్తది. రెండోది, ఘాట్ రోడ్డు మీద, ఎండల. వెనక నుంచి నెడితే పైపుల ఒత్తిడి పెరిగి ఆవిరయ్యేది తగ్గుతది, తయారైన బుడగలు కూడా ముందుకు పోతయి. ఈ రెండు పనులకు తప్ప, మామూలు రోజుల్ల ఏసీ పంపే బండి నడపాలె. ఇది నా పద్ధతి. ఎందుకు అట్లనో ఇప్పుడు విను.

ఏసీ పంపు డయాఫ్రం చినిగిందనుకో. ఒంటరిగ ఉన్నప్పుడు ఏమైతది? గుంజుడు పోతది, బండి దగ్గుతది, ఆగుతది. నువ్వు మెకానిక్‌ను పిలుస్తవ్, కిట్టు మారుస్తవ్, కథ ఒడిసింది. అదే వెనక ఎలక్ట్రిక్ పంపు నడుస్తుంటే బండి ఆగదు. ఎలక్ట్రిక్ పంపు నెట్టే పెట్రోలు కార్బొరేటర్‌కూ పోతది, చినుగుల నుంచి కిందికీ పోతది. కొన్ని పంపులకు డయాఫ్రం కింద బాడీకి చిన్న రంధ్రం ఉంటది, అప్పుడు పెట్రోలు బయట కారి వేడి ఇంజన్ మీద పడుతది. ఆ రంధ్రం లేకపోయినా, మట్టితోటి మూసుకపోయినా, నేరుగ ఇంజన్ లోపలికి దిగి చాంబర్ల (ఇంజన్ అడుగున ఆయిలు ఉండే తొట్టి) ఆయిలుతో కలుస్తది. ఆయిలు పలుచనైతది, బేరింగుల మీద పొర నిలవదు. చాంబర్ల పెట్రోలు ఆవిరి నిండితే అంటుకునే ప్రమాదం వేరే. ఇంత జరుగుతున్నా బండి మాత్రం సాఫీగ నడుస్తనే ఉంటది. తోడుగ పెట్టిన పంపు జబ్బును దాచిపెడుతది, నాకు దాని మీద ఉన్న ఫిర్యాదంతా ఇదే.

కాబట్టి వరుస ఇది: ముందు కొత్త డయాఫ్రం, కొత్త వాల్వులు, తర్వాతనే వైరు. పాత డయాఫ్రం మీద ఎలక్ట్రిక్ పంపు ఒత్తిడి పెట్టే పని నా ముంగట ఎవరినీ చెయ్యనియ్య. పెట్టినంక కూడా ఆయిల్ గేజ్ పుల్ల తీసి చూసుడు అలవాటు చేసుకో. ఆయిలు తగ్గుడు మామూలు, పెరిగిందంటేనే భయపడాలె. పుల్ల వాసన చూడు, పెట్రోలు వాసన గుప్పుమంటే సెల్ఫ్ కొట్టకు. ఆయిలు, ఫిల్టరు మార్చి, పంపు విప్పినంకనే ముట్టు. ఏసీ పంపు విప్పినప్పుడు ఇంజన్‌కూ దానికీ నడుమ ఉండే మందపాటి ఫైబరు ముక్కను పారెయ్యకు. అది ఇంజన్ వేడిని పంపుకు ఎక్కకుండ ఆపుతది, లివర్ ఎంత కదలాలెనో కూడా దాని మందమే నిర్ణయిస్తది. పలుచటి ప్యాకింగ్ పెట్టి ఊకుంటే లివర్ మీద బరువు పడి వంగుతది.

మీ దోస్తు ఎవరో ఏసీ పంపు ఒత్తిడి 3 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత), ఎలక్ట్రిక్‌ది 4 పీఎస్‌ఐ, రెండూ కలిస్తే 7 అయి కార్బొరేటర్ పొంగుతదన్నడట. ఆ లెక్క తప్పు. స్ప్రింగు నెట్టేదని చెప్పిన కదా, ఆ స్ప్రింగు బలం ఎంతో ఏసీ పంపు ఒత్తిడి అంతే. వెనక నుంచి వచ్చేది దానికన్నా తక్కువైతే కార్బొరేటర్ కాడ స్ప్రింగు ఒత్తిడే ఉంటది. వెనకది ఎక్కువైతే డయాఫ్రం కిందనే అణిగి కూసుంటది, పెట్రోలు రెండు వాల్వులు తెరుచుకొని నేరుగ పోతది, అప్పుడు వెనక పంపు ఒత్తిడే ముంగట కనబడుతది. రెంట్ల ఏది పెద్దదో అదే, కూడిక కాదు. అంటే నువ్వు జాగ్రత్త పడాల్సింది ఎలక్ట్రిక్ పంపు ఎన్నుకునేకాడనే.

కార్బొరేటర్ బండికి 2 నుంచి 3.5 పీఎస్‌ఐ ఇచ్చే పంపు చాలు. డబ్బా మీద 4 నుంచి 7 అని ఉంటే రెగ్యులేటర్ కావాలె, రెగ్యులేటర్ అంటే ఇంకో రెండు జాయింట్లు, ఇంకో డయాఫ్రం. తక్కువ ఒత్తిడి పంపే కొను, ఆ బాధ ఉండదు. ఎవడన్న పాత ఇంజెక్షన్ కారు ట్యాంకుల పంపు చీప్‌గ ఇస్తనంటే దండం పెట్టి రా. అది 3 బార్, అంటే 43 పీఎస్‌ఐ దాకా కొడుతది. గిన్నె నిండితే ఫ్లోటు నెట్టి మూసే సన్న నీడిల్ వాల్వు దాన్ని ఏం ఆపుతది? పెట్రోలు పొంగి మానిఫోల్డ్ మీద పడుతది. నీకు కావాల్సింది వాల్వులున్న, టిక్కుటిక్కుమని కొట్టుకునే రకం. ఎంత పెట్రోలు ఇస్తది అనే బెంగ పెట్టుకోకు. 1089 సీసీ ఇంజన్ నిండు యాక్సిలరేటర్ మీద పోయినా గంటకు పదిహేను లీటర్లు తాగదు. నిమిషానికి అర లీటరు ఇచ్చే పంపు అంటే గంటకు 30 లీటర్లు, రెండింతలు.

కొనేటప్పుడు ఇంకో పరీక్ష. పంపుకు కరెంటు ఇయ్యకుండ లోపలికి పోయే దిక్కు నుంచి నోటితో ఊదు. గాలి కొంచెం అడ్డంతోటి అవుతలికి పోవాలె. అవుతలి నుంచి ఊదితే పోవద్దు. ఇట్ల ఉన్న పంపు ఆపేసినా దాని లోపల నుంచే ఏసీ పంపు పెట్రోలు గుంజుకోగలుగుతది. కొన్ని రోటరీ రకం పంపులు ఆపితే దారి మొత్తం మూసేస్తయి, వాటిని ఒకే పైపుల వరుసగ పెడితే ఎలక్ట్రిక్ పంపు చెడిపోయిన రోజు మంచిగున్న ఏసీ పంపు కూడా పనికిరాకుండ పోతది. రెండు పంపులు పెట్టుకొని ఒక్కటి చెడితే రోడ్డు మీద నిలబడుడు ఏం తెలివి?

దీనికి మందు బైపాస్. ఎలక్ట్రిక్ పంపుకు ముందొక టీ (మూడు మూతుల జాయింటు), వెనకొక టీ వేసి, పంపు పక్కపొంటి ఇంకో చిన్న పైపు కలుపు, దాంట్ల ముందుకు మాత్రమే పోనిచ్చే వన్‌వే వాల్వు పెట్టు. ఎలక్ట్రిక్ పంపు నడిస్తే ఆ ఒత్తిడికి వాల్వు మూసుకుంటది, పెట్రోలు గుండ్రంగ తిరగదు. ఆపితే ఏసీ పంపు ఆ వాల్వు నుంచి గుంజుకుంటది. వాల్వు మాత్రం ఊదితే తెరుచుకునేంత తేలికది కావాలె, గట్టి స్ప్రింగుదైతే ఏసీ పంపు గుంజుడుకు తెరుచుకోదు. బాణం గుర్తు చూసి పెట్టు, తిరగేసి పెట్టి పంపు మంచిది కాదని తిట్టినోళ్ళను చూసిన.

రెండు పంపులను మొత్తానికే వేరు వేరు పైపుల మీద పెట్టి కార్బొరేటర్ ముంగట కలిపే పద్ధతి ఇంకోటి ఉన్నది. మంచిదే. ఎలక్ట్రిక్ ఒత్తిడి ఏసీ పంపు డయాఫ్రం దాకా రాకుండ దాని బయటి వాల్వు ఆపుతది, ఆ వాల్వు గట్టిగ ఉన్నన్ని రోజులు. ఎలక్ట్రిక్ దిక్కు కూడా ఒక వన్‌వే వాల్వు పెట్టాలె. కాని ట్యాంకు నుంచి బానెట్ దాకా ఇంకో పైపు, వేడి దగ్గర ఇంకిన్ని జాయింట్లు, క్లిప్పులు. ప్రతి జాయింటు రేపటి కారుడే. నీ వాడకానికి బైపాస్ చాలు అంటా.

పంపు పెట్టే జాగా: ట్యాంకుకు ఎంత దగ్గర ఉంటే అంత మంచిది, ట్యాంకు అడుగు కన్నా ఎత్తుల వద్దు, సైలెన్సర్ పైపుకు దూరం. డిక్కీ లోపల మాత్రం పెట్టకు. కారిందంటే ఆవిరి సీట్ల కిందికి చేరుతది. కింద బాడీకి రబ్బరు బుష్‌ల మీద బిగిస్తే సప్పుడు లోపలికి రాదు. దానికి ముందు జాలి ఫిల్టరు ఒకటి, పాత ట్యాంకు తుప్పంతా దాంట్ల ఆగుతది. సన్న ఫిల్టరు కార్బొరేటర్ దిక్కు పెట్టు, పంపుకు ముందు పెడితే గుంజుడుకు అడ్డం.

ఇగ కరెంటు. ఇక్కడ తొందరపడకు. పద్మినిది నెగెటివ్ ఎర్తే, అంటే బ్యాటరీ నెగెటివ్ దిక్కు బాడీకి కలిసి ఉంటది, కాబట్టి నీకు ఉల్టా కలిపే చిక్కు లేదు. పాత అంబాసిడర్లల్ల పాజిటివ్ ఎర్తు ఉన్నవి ఉంటయి, వాటికి ఎలక్ట్రానిక్ పంపు తిరగేసి కలిపితే ఆడికాడనే కాలుతది. నీ బండి కూడా ఇదివరకు ఎవరి చేతుల తిరిగిందో, బ్యాటరీ నుంచి బాడీకి పోయే వైరు ఏదో ఒక్కసారి చూసుకో. ఈ చిన్న పంపు రెండు ఆంపియర్ల లోపలనే తింటది, 5 ఆంపియర్ల ఫ్యూజు చాలు. వెనకదాక వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది గుంజు, ఎర్తును రంగు గీకి తెల్ల ఇనుము మీద బిగించు.

స్విచ్చు ముచ్చట అసలుది. యాక్సిడెంట్ అయి ఇంజన్ ఆగితే ఏసీ పంపు దానంతట అదే ఆగుతది, అది దాని గొప్పతనం. ఎలక్ట్రిక్ పంపుకు ఆ తెలివి లేదు, పైపు తెగినా తాళం చెవి తీసేదాక పెట్రోలు పోసుకుంటనే ఉంటది. ఫ్లోటు కాడ చెత్త ఇరుక్కొని నీడిల్ మూసుకోకపోతే, ఆగిన ఇంజన్‌లకు కూడా నింపుతది. సిలిండర్ల పెట్రోలు నిండినంక సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్లు వంగుతయి. అందుకని మామూలు స్విచ్చు ఒక్కటే పెట్టి ఊకోకు. నింపుకునేందుకు ఒక బటన్ పెట్టు, ఏలు తీస్తే ఆగిపోయేది. ఘాటు కోసం ఒక స్విచ్చు పెట్టు, దానికి ఎర్ర బుగ్గ (బల్బు) పెట్టు, దాని కరెంటు మాత్రం ఆయిల్ ప్రెషర్ స్విచ్చు మీదికెళ్ళి రావాలె. ఇంజన్ తిరుగుతూ ఆయిల్ ప్రెషర్ ఉంటేనే పంపుకు కరెంటు.

బండికి ముందే ఉన్న ఆయిల్ బుగ్గ స్విచ్చు ఉల్టా పని చేస్తది, ప్రెషర్ లేనప్పుడు కలుస్తది. అయిదు కాళ్ళ రిలే (కరెంటుతోటి మారే స్విచ్చు) పెట్టి దాన్నే తిప్పి వాడొచ్చని ఎలక్ట్రీషియన్ చెప్తడు. వాడొచ్చు, కాని ఆ స్విచ్చు వైరు ఎక్కడన్న తెగిందనుకో, ప్రెషర్ ఉన్నదనుకొని పంపు నడుస్తనే ఉంటది. వైరు తెగితే పంపు ఆగాలె గాని నడవొద్దు. ప్రెషర్ వచ్చినప్పుడు కలిసే స్విచ్చు వేరే దొరుకుతది, టీ వేసి అదే బిగించు. దానితోపాటు గుద్దుకుంటే కరెంటు తెంపే ఇనర్షియా స్విచ్చు కొన్ని ఇంజెక్షన్ కార్లకు వస్తది, స్క్రాపుల దొరికితే అది కూడా వరుసల కలుపు. బండిల పొడి మంటార్పే సిలిండర్ ఒకటి సీటు కింద ఉండాలె, డిక్కీల సామాను కింద కాదు.

బిగించినంక పరీక్షలు. ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు, కాయిల్ వైరు తీసి, బయట గాలికి చెయ్యి, పక్కన బకెట్ల ఇసుక పెట్టుకో. కార్బొరేటర్ కాడ పైపు విప్పి సీసాల పెట్టి బటన్ ఒత్తు, నిమిషంల అర లీటరు రావాలె, ధారల బుడగలు ఉండొద్దు. బుడగలు వస్తున్నయంటే ట్యాంకు దిక్కు ఎక్కడనో గాలి పీలుస్తున్నది. మల్ల కలిపి బటన్ ఒత్తి చెవి పెట్టి విను. టిక్కుటిక్కు మొదట తొందరగ కొట్టుకొని, గిన్నె నిండినంక నిమ్మళించాలె. నిమ్మళించకుంట అట్లనే కొట్టుకుంటే పెట్రోలు ఎటో పోతున్నది, ఎటు పోతున్నదో చూడకుండ బండి తియ్యకు. ఆఖరికి ఏసీ పంపుకూ కార్బొరేటర్‌కూ నడుమ టీ వేసి ప్రెషర్ గేజ్ పెట్టి, ఇంజన్ నడుస్తుండంగ ఒకసారి ఎలక్ట్రిక్ లేకుండ, ఒకసారి పెట్టి చూడు. రెండు సార్లూ ముల్లు 3.5 దాటొద్దు.

ఏసీ పంపుకున్న చేతి లివర్ సంగతి ఎవరూ నీకు చెప్పినట్టు లేదు. కరెంటు పోయినా దాంతోటి గిన్నె నింపొచ్చు. ఒక్కోసారి లివర్ వదులుగ ఊగుతది, పట్టు దొరకదు. పంపు చెడినట్టు కాదు, ఎక్సెంట్రిక్ అప్పటికే డయాఫ్రంను కిందికి గుంజి పట్టుకొని ఉంటది. ఇంజన్‌ను ఒక చుట్టు తిప్పు, క్యామ్ అర చుట్టు తిరుగుతది, పట్టు వస్తది.

ఇంతా చేసి కూడా ఆపిన ప్రతిసారి వేపర్ లాక్ అయితే, రిటర్న్ పైపు మంచి మందు. కార్బొరేటర్ ముంగట టీ వేసి, దాంట్ల ఒక మిల్లీమీటరు రంధ్రమున్న జెట్టు పెట్టి, సన్న పైపుతో ట్యాంకుకు తిరిగి పంపుతే పెట్రోలు ఎప్పుడూ కదులుతనే ఉంటది, ఆవిరి దానెంట పోతది. ట్యాంకుకు కొత్త యూనియన్ (పైపు కలిపే జాయింటు) పెట్టాలె, అది ట్యాంకు కడిగి ఆవిరి పూర్తిగ పోయినంక తెలిసినోడు చెయ్యాల్సిన పని. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం, వెల్డింగ్ మాట ఎవడన్న ఎత్తితే బండి తీసుకొని వచ్చేయ్.

ఏసీ పంపు మొత్తానికే పీకి, రంధ్రానికి ప్లేటు కొట్టి, ఎలక్ట్రిక్ పంపు మీదనే నడిపేటోళ్ళున్నరు. డయాఫ్రం ప్రమాదం దాంతోటి పోతది, అది ఒప్పుకుంట. రోజూ తిప్పే బండైతే అట్ల చేసినా తప్పు పట్ట. కాని వైరింగు పాతబడ్డ బండికి, నీ అసొంటోళ్ళు అడవిల తిప్పే బండికి, కరెంటుతో పని లేకుండ నడిచే పంపు ఒకటి ఇంజన్ మీద ఉండాలనే నా పట్టు.

శ్రీశైలం పోతనన్నవ్ కదా. పిల్లలమర్రి దాక పోయి వస్తే అది పరీక్ష కాదు, రోడ్డంతా చదును. మధ్యాహ్నం ఎండల జడ్చర్ల, కల్వకుర్తి మీదుగ దేవరకొండ దగ్గరి మా మల్లేపల్లి దాక ఒకసారి రా, నడుమ రెండు చోట్ల ఆపి, చాయ తాగి, మల్ల స్టార్ట్ చేసి చూడు. అది నెగ్గితే మన్ననూరు దాటు. రాత్రి అడవి గేట్లు మూస్తరు కాబట్టి పొద్దుగాలనే ఎక్కు, చల్లగ కూడా ఉంటది. స్విచ్చు చదును రోడ్డు మీద వెయ్యకు. దోమలపెంట దాటి డ్యాం కింద బ్రిడ్జికి దిగి, అవుతల సున్నిపెంటకు ఎక్కేటప్పుడు వెయ్యి, ఎక్కినంక ఆర్పు. మీద ఆపినప్పుడు బానెట్ ఎత్తి పెట్టు. అయినా పట్టుకుంటే పాత పద్ధతి ఉండనే ఉన్నది, తడిబట్ట ఏసీ పంపు మీదా, పైపు మీదా చుట్టు. నీళ్ళు మాత్రం బాటిల్‌తోటి గుమ్మరించకు, వేడి మానిఫోల్డ్ పగులుతది.

డయాఫ్రం కిట్టు తెచ్చినంక నాకు ఫోన్ చెయ్యి, పంపు కొనకముందే. పాత డయాఫ్రం విప్పంగనే పారెయ్యక ఫోటో తీసి పంపు, ఎక్కడ అరిగిందో చూస్తే లివర్ పిన్ను కూడా మార్చాల్నో లేదో చెప్త. అక్కను అడిగినట్టు చెప్పు.

మీ మామ,
మిర్యాలగూడ